చైనుకు ఇద్దరు వైద్యులు

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. పది గంటలకు భార్యకు మోటారుసైకిలు లైసెన్సు పరీక్ష. ఇదివరకే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే ఇక బండి జోలికి వెళ్లనని ఒట్టు పెట్టుకుంది.

"వెనకాల ఏదో టకటకమంటోందండీ. ఆ చప్పుడు వింటే నాకు రోడ్డు మీద ధ్యాస నిలవడం లేదు."

"చైను వదులైంది. టీ చల్లారేలోపు బిగించేస్తాను" అన్నాడు భర్త. ఇంట్లో స్పానర్లున్న ప్రతి మగవాడికీ ఉండే ధైర్యమే అది.

బండిని వాకిట్లో స్టాండు వేసి, చైను మధ్యలో వేలితో నొక్కి చూశాడు. అంగుళానికి మించి ఊగింది. వెనక చక్రం నట్టు వదులు చేసి, ఎడమవైపు మర కాస్త బిగించి, చేతులు తుడుచుకునే గుడ్డ కోసం లోపలికి వెళ్లాడు.

వరండాలో పేపరు చదువుతున్న మామగారు గబగబా లేచారు. మనిషి బరువు పడితేనే చైను బిగువు తెలుస్తుందని ఆయన నమ్మకం. స్టాండు దించి, సీటెక్కి, మూలుగుతూ వంగి చూశారు. చైను బిర్రుగా ఉంది! అల్లుడి పనికి వంక పెట్టడం మర్యాద కాదు. అందుకని నోరెత్తకుండా కుడివైపు మర వదులు చేసి, మళ్లీ స్టాండు వేసి వచ్చి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అల్లుడు తిరిగొచ్చి చూస్తే చైను వేలాడుతోంది. ఇందాకేగా బిగించాను! మళ్లీ బిగించి నూనె డబ్బా కోసం వెళ్లాడు. మామగారు మళ్లీ ఎక్కి చూశారు. మళ్లీ బిర్రే. తన వేళ్లకే వయసు మీద పడిందేమోనని ఆయనకు దిగులు పట్టుకుంది. మళ్లీ వదులు చేశారు.

"మామయ్యగారూ, ఎండకి ఇనుము సాగుతుందంటారా?"

"సాగుతుందేమో బాబూ. దానంతటదే బిగుసుకున్నా ఆశ్చర్యం లేదు."

పేపరు అంచున నల్లటి బొటనవేలి ముద్ర ఉంది. ఈమధ్య అచ్చు మరీ అధ్వాన్నంగా వేస్తున్నారనుకున్నాడు అల్లుడు.

"ఏమండీ, అయిందా? టైమైపోతోంది!" హెల్మెట్ పెట్టుకుని వచ్చేసింది భార్య. అతను ఉన్న బలమంతా పెట్టి నట్టు బిగించేశాడు. ఆమె బండెక్కి వెళ్లింది. బండి మాత్రం రోడ్డును వదిలి గోడవైపు లాగుతోంది.

"చక్రం వంకరగా ఉంది! నేను ఎడమవైపే కదా బిగించాను, ఇంత వంకరెలా వచ్చింది?"

"కుడివైపు... నేను కాస్త వదులు చేశాను బాబూ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఆగు! ఆగు!" అంటూ వీధి చివరిదాకా పరిగెత్తారు. హెల్మెట్లో ఆమెకేం వినపడుతుంది? భర్త వీధి చివరే నిలబడిపోయాడు. పరీక్ష సంగతి దేవుడెరుగు, మనిషి క్షేమంగా తిరిగొస్తే చాలనుకున్నాడు.

మధ్యాహ్నం టకటకమంటూ బండి వచ్చింది. ఆమె ఇంజను ఆపకుండానే దిగి హెల్మెట్ తీసింది. మొహం వెలిగిపోతోంది.

"ప్యాసయ్యాను! బండి పక్కకి లాగుతోందంటే, పరీక్ష పెట్టే ఆఫీసరుగారు మధ్యలో తనే ఎక్కి చూశారు, నాన్నా. నేరుగా గోడ దగ్గరికి వెళ్లారు. దీన్ని తిన్నగా నడిపినావిడ ఏదైనా నడపగలదన్నారు."

"మరి ఆ చప్పుడు తగ్గలేదే?" అన్నాడు భర్త నీరసంగా.

ఆమె వెనక్కి వెళ్లి నంబరు ప్లేటు మీద వేలు పెట్టింది. టకటక ఆగిపోయింది.

ఆ ప్లేటు స్క్రూ బిగించమని మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.