వలలో ఖాళీ కుర్చీ

తులశమ్మగారు రిటైరైన తర్వాతి శనివారం, జాతీయ ఫుట్‌బాల్ జట్టు గోల్‌లోకి వెళ్ళవలసిన బంతి ఇన్‌వర్డ్ నంబరు వేసేవాళ్ళు లేక గోల్ గీత మీద, నడుమెత్తున, గాలిలో ఆగిపోయింది. రూల్సు ప్రకారం అది చేసింది సరైన పనే. ఆ దేశంలో బయటినుంచి లోపలికి వచ్చేది ఏదైనా, ఉత్తరమైనా, వినతిపత్రమైనా, ప్రత్యర్థి కొట్టిన బంతైనా, ముందు ఇన్‌వర్డ్ రిజిస్టర్లోకి ఎక్కాలి. నంబరు పడితేనే అది వచ్చినట్టు. పడేదాకా అది దారిలో ఉన్నట్టే లెక్క.

ఆ పని కోసమే ఫుట్‌బాల్ సంఘం వారు గోల్ వలలో ఒక మూల చిన్న బల్ల, కుర్చీ వేయించారు. అందులో తులశమ్మగారు ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్నారు. ఎండకి గొడుగు, వానకి కూడా అదే గొడుగు. బంతి వచ్చి కళ్ళజోడుకి తగిలినా ఆవిడ రాయడం ఆపేవారు కాదు. పొద్దున వచ్చిన కాగితాన్ని సాయంత్రానికి మిగల్చని మనిషి. అంత చురుకైన ఉద్యోగి దొరకడం ఏ ఆఫీసుకైనా అదృష్టమే కానీ, ఫుట్‌బాల్ జట్టుకి మాత్రం కాదు. ఆవిడ హయాంలో మ్యాచికి ఆరు చొప్పున గోల్స్ రిజిస్టరయ్యాయి. రెండు వందల ఆరు దేశాల్లో జట్టుది రెండు వందల అయిదో స్థానం. ఆఖరి దేశానికి మైదానం లేదు.

వాటిలో ఆఖరి తొమ్మిదేళ్ళవన్నీ బెహరా లింగరాజు చేతుల మధ్యనుంచి వెళ్ళినవే. తొమ్మిదేళ్ళుగా అతనే గోల్‌కీపరు. అంతకుముందు చెక్‌పోస్టులో గేటు ఎత్తే ఉద్యోగం చేసేవాడు. ఎత్తుగా ఉన్నాడని స్పోర్ట్స్ కోటాలో తీసుకున్నారు. మనిషి నెమ్మది. ఓడిపోయి వచ్చిన ప్రతిసారీ ఇంటికి సందులోంచి వెళ్ళేవాడు. చేపల మార్కెట్లో భార్య బేరమాడుతుంటే, ఆయనగారు ఏది వచ్చినా వదిలేస్తాడు కదా, నువ్వూ వదిలెయ్యమ్మా అని అమ్మేవాళ్ళు ఆటపట్టించేవారు. ఆమె నవ్వేసేది కానీ ఇంటికొచ్చాక చేపలు గట్టిగా తోమేది. ఇదంతా చాలదన్నట్టు సంఘం సెక్రటరీ పట్నాయక్ గారు అతనికి ఆఖరి మెమో ఇచ్చారు. ఇక ఒక్క గోల్ రిజిస్టరైనా లింగరాజు మళ్ళీ చెక్‌పోస్టుకి వెళ్ళి గేటు ఎత్తుకోవాలి.

మెమో జేబులో పెట్టుకునే ఆ శనివారం అతను మైదానంలోకి దిగాడు. పదో నిమిషంలో బంతి వచ్చింది. అలవాటు ప్రకారం అతను కుడివైపు దూకాడు, బంతి అలవాటు ప్రకారం ఎడమవైపు వెళ్ళింది. అతను నేలమీద బోర్లా పడి, తులశమ్మగారి ముద్ర చప్పుడు కోసం ఎదురుచూశాడు. చప్పుడు రాలేదు. తలెత్తి చూస్తే బంతి ఖాళీ కుర్చీ వైపు తిరిగి, మర్యాదగా గాలిలో నిలబడి ఉంది. లింగరాజుకి ఏడుపొచ్చింది. ఆనందం అనడానికి లేదు. తొమ్మిదేళ్ళుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి పక్కకి జరిగినట్టనిపించింది.

అవతలి జట్టువాళ్ళు వచ్చి బంతిని తోశారు, భుజాలతో నెట్టారు, ఒకడు వేలాడి చూశాడు. అది లోపలికి కదల్లేదు. రిఫరీ నిబంధనల పుస్తకం తిరగేసి, బంతి ఆగకూడదని ఎక్కడా లేదన్నాడు. పెండింగులో ఉన్న బంతి ఆటలో ఉన్నట్టు కాదు కాబట్టి వేరే బంతి ఇచ్చాడు. వాళ్ళింకా గీత దగ్గరే గుమిగూడి వాదిస్తుండగా మన ఆటగాడొకడు కొత్త బంతిని మెల్లగా తన్నుకుంటూ మైదానం ఆ చివరిదాకా నడిచి వెళ్ళి గోల్ వేసి వచ్చాడు. అవతలి దేశానికి ఇన్‌వర్డ్ సెక్షను లేదు. ఒకటి-సున్నాతో జట్టు గెలిచింది.

ఆ తర్వాతవన్నీ అలాగే గెలిచింది. విదేశాల్లో ఆడేటప్పుడు ఖాళీ కుర్చీని కూడా విమానంలో కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకెళ్ళేవారు. ఖాళీ ఎక్కడుంటే నిబంధన అక్కడ వర్తిస్తుంది. హాఫ్‌టైంలో గోల్స్ మారేటప్పుడు ఇద్దరు దాన్ని మోసుకుంటూ అటువైపు వెళ్ళేవారు, స్టేడియం లేచి నిలబడేది. టీవీలో నిపుణులు దీన్ని కొత్త రక్షణ వ్యూహమన్నారు. కోచ్ కాదనలేదు. ప్రపంచ సంఘం అభ్యంతరం చెబుతూ ఘాటుగా ఒక ఉత్తరం రాసిందట కానీ, అది సంఘం ఆఫీసు గుమ్మంలో గాలిలో ఆగి ఉంది. పట్నాయక్ గారు రోజూ తల వంచి దాని కిందనుంచి లోపలికి వెళ్ళేవారు. పోస్టు భర్తీ చెయ్యమని ప్రతి నెలా పైకి రాసేవారు కూడా. రాయకపోతే తప్పు. ఔట్‌వర్డ్ సెక్షను బాగానే పనిచేస్తోంది.

ఆగిపోయిన బంతులకి చీటీలు కట్టి, గోనెసంచుల్లో వేసి కుర్చీ వెనకే భద్రపరిచారు. సంచిలో ఉన్నా అవి గోల్ వైపే లాగుతుండేవి. వాటి గురించి నిబంధన స్పష్టంగా ఉంది. కొత్త గుమస్తా చేరిన క్షణాన సీనియారిటీ ప్రకారం అన్నీ లోపలికి వెళ్ళాలి. గోల్ ఎప్పుడు కొట్టారన్నది కాదు, ఎప్పుడు రిజిస్టరైందన్నదే ముఖ్యం. అలా గెలుస్తూ కప్పు ఫైనల్ చేరేనాటికి సంచుల్లో నూట నలభై మూడు బంతులున్నాయి. లింగరాజు ఇప్పుడు ఇంటికి పెద్దవీధిలోంచే వెళ్తున్నాడు. అతని భార్యకి చేపలు శుభ్రం చేసి మరీ ఇస్తున్నారు. కానీ సంచులు కదిలినప్పుడల్లా అతను వెళ్ళి వాటి మూతులు మళ్ళీ బిగించి కట్టేవాడు.

ఫైనల్ సొంత గడ్డమీదే, సాయంత్రం మూడున్నరకి మొదలైంది. ముప్పయ్యో నిమిషానికి ఒక గోల్ ఆధిక్యం వచ్చింది. డెబ్భయ్యో నిమిషంలో గోల్ వెనక సంచులు ఒక్కసారిగా కదిలాయి. లింగరాజు వెనక్కి తిరిగి చూశాడు. నీరుకావి రంగు చీర కట్టుకున్న ఒకామె, ప్లాస్టిక్ కవర్లో సర్టిఫికెట్లు పట్టుకుని, కాపలావాళ్ళకి కాగితం చూపిస్తూ మైదానం అంచు వెంబడి వస్తోంది.

ఆమె పేరు కూర్మాపు హైమావతి. పదకొండేళ్ళ కిందట ఇన్‌వర్డ్ గుమస్తా పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకుంది. తులశమ్మగారి పక్కన రెండో కుర్చీకి అప్పట్లో తీసిన నోటిఫికేషను అది. జాబితా మీద కేసు పడింది, కేసు మీద స్టే వచ్చింది, స్టే మీద సెలవులు వచ్చాయి. కోర్టు తీర్పు మొన్న వచ్చింది. నియామకపు ఉత్తర్వు నిన్న చేతికందింది. ఈ రోజు అయిదింటిలోగా చేరకపోతే ఉత్తర్వు రద్దవుతుంది. కుర్చీ ఎక్కడుంటే డ్యూటీ అక్కడే కనక ఆమె తిన్నగా స్టేడియానికి వచ్చింది.

రిఫరీ ఆట ఆపాడు. పట్నాయక్ గారు పరుగున వచ్చి ఉత్తర్వుని మూడుసార్లు చదివారు. ముద్ర ఉంది, సంతకం ఉంది, తేదీ ఉంది. ఇన్నేళ్ళ సర్వీసులో తప్పులేని కాగితాన్ని ఆయన చూడటం అదే మొదలు. నుదురు తుడుచుకుని, ఆవిణ్ణి ఎలాగోలా రేపు రమ్మని చెప్పవయ్యా అని లింగరాజు చెవిలో అన్నారు. ఆయన నోటితో ఆ మాట అంటే కోర్టు ధిక్కారమవుతుంది. గోల్‌కీపరు అంటే ఏమీ కాదు.

లింగరాజు ఆమె ముందుకి వెళ్ళాడు. అతనికి చెక్‌పోస్టు కనిపిస్తోంది, సందు కనిపిస్తోంది.

"అమ్మా, ఏటీ అనుకోకండి. ఇరవై నిమిషాల్లో ఆటైపోద్ది. రేపు రండి."

"పదకొండేళ్ళ నుంచీ రేపే వస్తన్నానండీ అన్నయ్యా" అంది హైమావతి. గొంతులో కోపం లేదు. "ఇయ్యాల అయిదుకి నాది అయిపోద్ది."

పెద్ద గడియారంలో నాలుగూ యాభై ఎనిమిదైంది. ఏది వచ్చినా వదిలేసే మనిషి కదా, లింగరాజు ఆమెనీ వదిలేశాడు. తనే గోల్ ముందుకి జారి వేలాడుతున్న వల అంచుని చేత్తో పైకెత్తి పట్టుకుని, తల తగలకుండా చూసుకోమన్నాడు. సిగ్గుగా ఉంది, దుఃఖంగా ఉంది, అయినా దించలేదు. సంచుల మూతులు వాటంతటవే విడిపోయాయి. నూట నలభై మూడు బంతులు బయటికొచ్చి, చీటీల నంబర్ల ప్రకారం గీత ముందు వరసగా నిలబడ్డాయి.

హైమావతి జాయినింగ్ రిపోర్టుని ముందుకి చాచి, గడపలాంటి ఆ తెల్లగీత దాటి ఒక కాలు లోపలికి పెట్టింది. కాలు నేలకి ఆనలేదు. జానెడు ఎత్తున ఆగింది. రెండో కాలు కూడా గీతకి ఇవతల గాలిలోకి లేచి ఆగింది. చీర కుచ్చిళ్ళు ఆగాయి. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది.

పట్నాయక్ గారికి అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. జాయినింగ్ రిపోర్టు కూడా బయటినుంచి లోపలికి వచ్చేదే. దానికీ ఇన్‌వర్డ్ నంబరు పడాలి. నంబరు వెయ్యవలసిన మనిషి ఆమే. ఆమె చేరితే తప్ప నంబరు పడదు, నంబరు పడితే తప్ప ఆమె చేరదు. ఆయన అక్కడే గడ్డిమీద కూలబడి, దేవుడా అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. స్టేడియం మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. బంతులు వచ్చిన వరసలోనే సంచుల్లోకి వెళ్ళిపోయాయి. మిగిలిన నిమిషాల్లో మూడు బంతులు వచ్చి ఆమె భుజం పక్కన, ఆమె వెనకాల క్యూలో ఆగాయి.

జట్టు కప్పు గెలిచింది. సంఘం అక్కడికక్కడే సమావేశమై, హైమావతి గడువులోగా హాజరైనందున ఉత్తర్వు రద్దు కాదనీ, చేరనందున పోస్టు భర్తీ అయినట్టూ కాదనీ తీర్మానించింది. ఇకమీదట కుర్చీతోపాటు ఆమెని కూడా మ్యాచిలకి తీసుకెళ్తారు. ఎండా వానా తగలకుండా గొడుగు కట్టాలని కూడా రాసుకున్నారు. అందరూ ఊరేగింపు లారీ ఎక్కడానికి వెళ్ళిపోయారు. లింగరాజు ఒక్కడే వెనక్కి వచ్చాడు.

గ్లాసుతో మంచినీళ్ళు ఆమె నోటికి అందించి, తన మెమో సంగతి చెప్పాడు. మీరు ఆగిపోతే నాకు ప్రాణం లేచొచ్చిందమ్మా, తప్పే అని ఒప్పుకున్నాడు. తనకీ అలాగే ఉందని చెప్పింది హైమావతి. ఇన్నాళ్ళూ గేటు అవతల నిలబడింది, ఇప్పుడు సగం లోపలుంది. ఇంటి దగ్గర అమ్మ ఎదురుచూస్తుంటుంది, చెయ్యి కదలట్లేదు కాబట్టి కవర్లో ఉన్న ఫోను తీసి ఒక్క మాట చెప్పమని అడిగింది.

లింగరాజు ఫోను చేశాడు. అమ్మాయి గడువులోపలే వచ్చిందనీ, ఒక కాలు లోపల పెట్టిందనీ, మిగతాది పెండింగులో ఉందనీ చెప్పాడు. అవతల పెద్దావిడ చాలాసేపు ఏడ్చింది. అది ఏ రకం ఏడుపో అతనికి తెలుసు.

"బాబూ" అంది చివరికి. "లోనకెట్టింది కుడికాలేనా?"

లింగరాజు ఫోను పట్టుకుని వల చుట్టూ తిరిగి, కిందకి వంగి చూశాడు.

"కుడికాలేనమ్మా."

"అయితే ఇంకేటి కావాల బాబూ" అని ఆవిడ ఫోను పెట్టేసింది.