స్టూలు మేస్త్రీ పెట్టిన పరీక్ష

పన్ను నొప్పికి డాక్టరు దొరుకుతాడు. కుళాయి కారితే ప్లంబరు దొరుకుతాడు. బస్సులో మర్చిపోయిన గొడుగు కూడా ఒక్కోసారి దొరుకుతుంది. నలభై ఏడేళ్ళ మోటారు సైకిలుకు నిజం చెప్పే మెకానిక్ మాత్రం, చెప్పులరిగేలా తిరిగినా దొరకడు.

ఇది సర్వేయరు బాధ. అతను ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు. దెబ్బతిన్న బళ్ళను చూసి, వాటి ఓనర్లు చెప్పే కథల్లో నిజమెంతో తేల్చడం అతని ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని కావడంతో ఎవరైనా నమస్కారం పెట్టినా, ఎందుకు పెట్టాడా అని ఒక నిమిషం ఆలోచించి గానీ తిరిగి పెట్టడు.

ఆ మోటారు సైకిలు మామగారిది. ఆయన డ్రైవింగు లైసెన్సులిచ్చే ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. సర్వీసు మొత్తంలో ఆయన మొదటిసారే పాస్ చేసింది ఒక్కణ్ణేనట. ఆ ఒక్కడూ ఆయన పై అధికారి. సర్వేయర్ని కూడా రెండుసార్లు ఫెయిల్ చేసి, మూడోసారి లైసెన్సిచ్చారు. ఆ తర్వాత ఆరు నెలలు ఆలోచించి కూతుర్నిచ్చారు. మోకాలి ఆపరేషనుకు వెళ్తూ బండిని అల్లుడింట్లో పెట్టి, ఒక షరతు కూడా పెట్టారు.

"మోకాలు బాగయ్యాక వచ్చి చూస్తాను. మొదటి కిక్కుకి స్టార్టయిందా, బండి నీది. రెండో కిక్కు పడిందా, మావాడికిచ్చేస్తాను."

మావాడంటే ఆయన కొడుకు, సర్వేయరుకు బావమరిది. రెండు వీధుల అవతలే ఉంటాడు. షరతు విన్న మర్నాడే హెల్మెట్టు కొనుక్కున్నాడు.

రోజంతా నుజ్జునుజ్జయిన బళ్ళను చూసే సర్వేయరుకు, సాయంత్రం ఇంటికొచ్చేసరికి వరండాలో నిటారుగా నిలబడిన ఆ నల్లటి బండిని చూస్తే ప్రాణం లేచొచ్చేది. దాన్ని పోగొట్టుకోవడం అతనివల్ల కాదు. బండి బాగానే నడుస్తోంది. ట్యాంకు కింద నుంచి మాత్రం ఎప్పుడూ టిక్ టిక్ మని చిన్న చప్పుడు. ఆదివారం మామగారు వస్తున్నారని ఫోనొచ్చింది. సోమవారం పొద్దున్నే సర్వేయరు సెలవు పెట్టి, కాఫీ తాగుతూ భార్యకు తన పథకం చెప్పాడు.

"షాపు మలుపు దాకా నడుపుకుంటూ పోతాను. అక్కడ ప్లగ్గు వైరు కాస్త ఊడదీస్తాను, బండి స్టార్ట్ కాదు. 'వైరు ఊడిందండీ' అన్నవాడు నిజాయితీపరుడు. వాడికే బండి అప్పజెప్తాను. ఎలా ఉంది?"

"మా నాన్నగారి అల్లుడనిపించారు," అంది భార్య. అది మెచ్చుకోలో దెప్పో తేల్చుకోకుండానే అతను బయల్దేరాడు.

మొదటి షాపుకు గాజు తలుపులున్నాయి. అక్కడి మెకానిక్ తెల్లచొక్కా వేసుకున్నాడు, దానిమీద ఒక్క మరకా లేదు. సర్వేయరుకు అక్కడే అనుమానం రావలసింది. మెకానిక్ బండిని తాకకుండానే తల అడ్డంగా ఊపాడు.

"ఇంజను విప్పాలి సార్. విప్పితే గానీ ఏం పోయిందో తెలీదు."

"విప్పాక ఏమీ పోలేదని తేలితే?"

"అలా ఉండదు సార్. విప్పాక ఏదో ఒకటి పోతుంది."

సర్వేయరు మలుపు దాకా తోసుకుపోయి, వైరు పెట్టుకుని, ఇంటికొచ్చేశాడు. సంగతంతా విని భార్య పెదవి విరిచింది.

"ప్లగ్గు వైరేమిటండీ, పదో తరగతి పిల్లాడికి ఒకటో ఎక్కం ఇచ్చినట్టు! పరీక్షంటే కాస్త కఠినంగా ఉండాలి."

"ఆ ఎక్కమే రాలేదు వాడికి!"

ఆవిడ ఇంకేమీ అనలేదు. ఇన్‌స్పెక్టరు గారి కూతురు ఇంకేమీ అనలేదంటే, ఏదో చెయ్యబోతోందని ఇరవయ్యేళ్ళ కాపురంలో అతను నేర్చుకుని ఉండాల్సింది.

మంగళవారం పొద్దున బండి తుడుద్దామంటే పాత గళ్ళచొక్కా కనబడలేదు. "మీ సామాన్లు నేనెందుకు ముట్టుకుంటాను?" అంది ఆవిడ, అడక్కముందే. తీరా కిక్కు కొడితే బండి స్టార్ట్ కాలేదు. పది కొట్టాడు, పాతిక కొట్టాడు. ఉహూఁ.

"ఆ తెల్లచొక్కావాడే! ముట్టుకోనట్టే నటించి ఏదో పీకేశాడు!" అని పళ్ళు నూరుకుంటూ, రెండో షాపుకు తోసుకుంటూ బయల్దేరాడు. బండి అసలే నడవడం లేదు. అయినా షాపు మలుపులో ఆగి ప్లగ్గు వైరు ఊడదీశాడు. పరీక్ష పరీక్షే.

రెండోది రేకుల షెడ్డు. దూలాలకు పాత ఇంజన్లు వేలాడుతున్నాయి. అక్కడి మెకానిక్ ట్యాంకు మీద చెయ్యేసి, పరామర్శకొచ్చిన చుట్టంలా నిట్టూర్చాడు.

"ఎన్నాళ్ళయింది సార్?"

"ఏది?"

"పోయి."

"పోవడమేమిటయ్యా! నిన్న కూడా నడిచింది."

"ఆఖరి రోజు అలాగే నడుస్తాయి సార్. ఇక్కడ వదిలేసి వెళ్ళిపోండి. విడగొట్టడం మీరు చూడలేరు."

సర్వేయరు బండిని లాక్కుని బయటపడి, మలుపులో వైరు మళ్ళీ పెట్టుకున్నాడు. దార్లో ఫుట్‌పాత్ మీద తాళాలు బాగుచేసే ముసలాయన అతని చెమట చూసి జాలిపడ్డాడు.

"స్టూలు మేస్త్రీ దగ్గరికెళ్ళకపోయారా బాబూ? పాత బళ్ళకి ఆయనే. కానీ ఒకటి, ఆయన అందరి బండీ ముట్టుకోడు."

"ఏం, మంచి బళ్ళే చూస్తాడా?"

"బండి ఎలాంటిదైనా చూస్తాడు. మనిషి మంచోడై ఉండాలి."

రెండో మాట సర్వేయరు చెవికెక్కలేదు. ఆ మాట తన గురించి కావచ్చునన్న ఆలోచన అతనికి రాదు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. కథంతా విని, పకపకా నవ్వాడు.

"బావా, నీ పరీక్షలు చూసి బండే నవ్వుతోంది. నన్నడిగితే..."

"నిన్నడగలేదు."

"అడక్కపోయినా సాయం చేసే రకం నేను," అంటూ చేతులు కడుక్కొస్తానని వరండాలోకి వెళ్ళాడు. చాలాసేపే కడుక్కున్నాడు. బుధవారం పొద్దున చూస్తే కొత్త సబ్బు సగమే ఉంది. ఎంత మురికి చేతులో అనుకున్నాడు సర్వేయరు.

స్టూలు మేస్త్రీ షాపు ఒక సందు చివర, ఒకే గది. గోడ మీద పనిముట్లు, ఒక్కోదాని వెనక దాని ఆకారంలో సుద్దగీత. నేల మీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. మేస్త్రీకి అరవై ఉంటాయి. కళ్ళజోడుకు ఒకవైపు దారం. సర్వేయరు మలుపులో వైరు ఊడదీసుకుని వచ్చి, మొహం అమాయకంగా పెట్టి నిలబడ్డాడు.

"టైముందా?" అడిగాడు మేస్త్రీ.

"ఎంత పడుతుంది బండికి?"

"బండికి కాదండీ, మీకు. ఆ స్టూలు మీద కూర్చోండి. నేను విప్పేది మీరు చూడాలి, బిగించేదీ చూడాలి. వదిలేసి వెళ్ళేవాళ్ళ బండి నేను పట్టుకోను."

సర్వేయరు కూర్చున్నాడు. చూడొద్దని బతిమాలినవాళ్ళే గానీ, చూసి తీరాలన్నవాడు ఈ ఇరవై రెండేళ్ళలో ఒక్కడూ తగల్లేదు. అతని గుండె కొంచెం కరిగింది.

మేస్త్రీ కిక్కు కొట్టలేదు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి ప్లగ్గు చూశాడు.

"వైరు ఊడింది. ఊహూఁ, ఊడలేదు. ఊడదీశారు. దానంతటదే ఊడితే దుమ్ము చెదరదు. ఇక్కడ వేలిగుర్తుంది."

సర్వేయరు స్టూలు మీద నుంచి సగం లేచాడు. దొరికాడు! లేచి వాటేసుకునేవాడే, కానీ మేస్త్రీ పని ఆపలేదు. పెట్రోలు ట్యాంకు మూత తీసి, వెలుగుకు పెట్టి చూశాడు.

"మూతకి గాలి పోయే కన్నం ఉంటుంది. మూసుకుపోతే పెట్రోలు దిగదు. దీన్ని మూసేశారు." పిన్నుతో గీకి, వాసన చూశాడు. "సబ్బు. నిమ్మకాయ వాసన."

సర్వేయరు మొహం వాడిపోయింది. వీడూ అంతే! లేని రోగాలు పుట్టిస్తున్నాడు! ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఒక్కసారిగా గొంతులోకొచ్చింది.

"చాలించవయ్యా! సబ్బేమిటి, సబ్బు? నేను పెట్టింది ఒక్కటే!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం వేరు. సర్వేయరు గుమ్మడికాయ తెచ్చి నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రీ అతనివైపు ఒకసారి చూసి, వంపు తీగ ఒకటి తీసుకుని సైలెన్సర్లోకి దూర్చాడు. నెమ్మదిగా లాగాడు. నల్లగా ఒక గుడ్డ వచ్చింది. వస్తూనే ఉంది. చివరికి బొత్తాంతో సహా ఒక గళ్ళచొక్కా చెయ్యి పూర్తిగా బయటపడింది.

"ఇది... నా చొక్కా!"

అప్పుడే సందు మలుపులో భార్య, వెనకే బావమరిది తేలారు. ఆవిడ చేతిలో టిఫిన్ బాక్సు.

"మర్చిపోయారని తెచ్చానండీ," అంది. బాక్సు ఖాళీగా మోగింది.

"చొక్కా చెయ్యి నువ్వే పెట్టావా?"

"మీ పరీక్ష మరీ తేలికని... అయినా సబ్బు నేను కాదు!"

ఇద్దరూ బావమరిది వైపు తిరిగారు. అతను తన చేతులకేసి చూసుకున్నాడు.

"సాయం చేద్దామనే బావా. ఒట్టు."

తిలాపాపం తలా పిడికెడు పంచుకుని ముగ్గురూ నిలబడ్డారు. మేస్త్రీ అన్నీ తీసి, తుడిచి, ఒక్క కిక్కు కొట్టాడు. బండి స్టార్టయింది. టిక్ టిక్. అతను స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి, కొనను బండి మీద అక్కడా ఇక్కడా పెట్టి విన్నాడు. ఇంజను ఆపి, ట్యాంకు కిందికి చెయ్యి పోనిచ్చి, తీగతో కట్టిన చిన్న రేకు డబ్బా ఒకటి తీశాడు. అందులో చీటీ. మామగారి చేతిరాత.

'ఈ చీటీ ఎవరికి దొరికితే వారు పాస్.'

"నాన్నగారు కూడానా!" అంది భార్య, కొంచెం గర్వంగానే.

మేస్త్రీ ఇంకా లేవలేదు. ముందు బ్రేకు తీగను గొట్టంలోంచి బయటికి లాగి, గుడ్డ మీద పరిచాడు. తీగలో పోగులన్నీ తెగిపోయాయి. రెండంటే రెండు వెంట్రుకల్లా మిగిలాయి.

"ఇదెవరిది?" అడిగాడు.

"నాది కాదు," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

"తెలుసు. ఇది మీరెవరూ పెట్టింది కాదు. అరిగింది. ఇంకొక్కసారి బ్రేకు గట్టిగా నొక్కితే తెగుతుంది."

భార్య పక్కనున్న ఇంకో స్టూలు మీద కూలబడింది. "ఆదివారం నాన్నగారు నడుపుతానన్నారు," అంది చిన్నగా. కొత్త మోకాలితో, రెండు పోగుల బ్రేకుతో. ఇంతమంది పరీక్షాధికారులున్న కుటుంబంలో ఆ తీగను చూసినవాడు ఒక్కడూ లేడు.

మేస్త్రీ కొత్త తీగ వేశాడు. పాతది చుట్టచుట్టి సర్వేయరు చేతిలో పెట్టాడు. తీగకు తప్ప దేనికీ డబ్బు తీసుకోలేదు.

"మిగతావి రిపేర్లు కావండీ. మీ సామాన్లు మీకిచ్చాను."

సర్వేయరు చేతులు జోడించాడు. "మేస్త్రీ గారూ, ఇకమీద ఈ బండి మీ చేతిలోనే."

"వద్దండీ," అన్నాడు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ. "అబద్ధం చెప్పే బండి ఉండదు. ఓనరు చెప్తే మాత్రం నాకు కష్టం. ఊళ్ళో షాపులు బోలెడున్నాయి."

ఆదివారం మామగారు కర్ర పట్టుకుని వచ్చారు. సర్వేయరు ఊపిరి బిగబట్టి కిక్కు కొట్టాడు. ఒకే ఒక్క కిక్కు. బండి గురగురమని లేచింది. బావమరిది హెల్మెట్టు వెనక దాచుకున్నాడు. మామగారు మాత్రం చెవి ఒగ్గి విన్నారు.

"టిక్ టిక్ ఏదీ?"

"తీసేశామండీ."

"కనిపెట్టిందెవరు?"

'నేనే' అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. అసలు పరీక్ష కిక్కు కాదు, ఆ డబ్బాయే; ఆ ఒక్క మాటతో బండి తనది. అప్పుడు జేబులో ఏదో గుచ్చుకుంది. బ్రేకు తీగ. సర్వేయరు దాన్ని తీసి మామగారి చేతిలో పెట్టి, వైరుతో మొదలుపెట్టి చొక్కా చేతిదాకా అంతా చెప్పేశాడు.

మామగారు ఆ రెండు పోగులనూ చాలాసేపు చూశారు. తర్వాత అలవాటుగా జేబులోంచి చిన్న పుస్తకం తీశారు.

"అయితే పాసైంది ఆయన. నువ్వు నిజం చెప్పావు కాబట్టి ఫెయిల్ అనను. మళ్ళీ రావాలి."

అందరూ కలిసి బండిని మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళారు. మామగారు తాళం చెవి ఆయనకు ఇవ్వబోయారు. మేస్త్రీ రెండడుగులు వెనక్కి వేశాడు.

"పరాయి బండి నాకెందుకండీ? కావాలంటే నా దగ్గర ఉంచండి, చూసుకుంటాను. ప్రతి ఆదివారం అల్లుడు గారు వచ్చి స్టూలు మీద కూర్చోవాలి, పని చూడాలి. ఇంటికి తీసుకెళ్ళాలంటే మాత్రం, ఈ మనిషిని నమ్మొచ్చని ఇద్దరి చేత సంతకం పెట్టించుకు రావాలి. ఇంట్లోవాళ్ళు చెల్లరు."

"నా సర్వీసులో ఇలాంటి ఇన్‌స్పెక్టరు ఒక్కడూ తగల్లేదు!" అని మామగారు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇది జరిగి నాలుగు నెలలైంది. మ్యానేజరు సంతకం పెట్టనన్నాడు. ఎవర్నీ నమ్మవని కదా నిన్ను ఉద్యోగంలో ఉంచాం, ఇప్పుడు నిన్ను నమ్మొచ్చని ఎలా రాయను అన్నాడు. పక్కింటాయన, ఆలోచించి చెప్తానని చెప్పి ఇల్లు మారిపోయాడు. కాబట్టి పాఠకులకు ఒక మనవి: ఒక ఇన్సూరెన్సు సర్వేయర్ని నమ్మొచ్చని సంతకం పెట్టే ఇద్దరు మీ ఎరుకలో ఉంటే, లేదా వాళ్ళని ఎలా పట్టుకోవాలో తెలిస్తే, దయచేసి చెప్పండి. పాపం, ప్రతి ఆదివారం స్టూలు మీద కూర్చుని బండి వైపు చూస్తున్నాడు.

మొన్న తాళాలు బాగుచేసే ముసలాయన అడగ్గానే పెడతానన్నాడు గానీ, అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడా అని సర్వేయరు ప్రస్తుతం ఆయన్ని పరీక్షిస్తున్నాడు.