ఏడు రాళ్ళ ఎంపీగారు

మా ఎంపీగారు రిటైర్ అవుతారట! ముప్ఫై అయిదేళ్ళుగా గెలుస్తూనే ఉన్న మనిషి "ఇక చాలు, విశ్రాంతి తీసుకుంటాను" అని పేపర్లో ప్రకటించారు. వీల్లేదంటే వీల్లేదు. ఆయన్ని వదులుకోవడం శుద్ధ తెలివితక్కువ బేరం.

నాది రాతి పలకల దుకాణం. శంకుస్థాపన రాళ్ళు చెక్కించి అమ్ముతాను. సరుకు మన్నిక గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. ఈ ముప్ఫై అయిదేళ్ళలో నా ఉలులు అరిగాయి, పళ్ళు ఊడాయి. ఎంపీగారి జుట్టు మాత్రం మొదటి ఎన్నికలప్పటికంటే ఇప్పుడే నల్లగా ఉంది!

మూడు పార్టీలు మారారని ఆయన్ని ఆడిపోసుకుంటారు. మారితే ఏం? రిబ్బను రంగు మారింది, అంతే. ప్రసంగం మారిందా? "ఈ వాగు నా గుండెల్లో పారుతోంది" అన్నచోట కళ్ళు తుడుచుకోవడం మారిందా? పొరపాటున ఒక ముక్క మరిచిపోతే ముందు వరుసలోని ముసలాళ్ళే అందిస్తారు. ఇంత నిలకడగల మనిషి మళ్ళీ దొరుకుతాడా?

ఆ వాగు మా వీధి చివరే. మొదటిసారి గెలవగానే దాని మీద వంతెనకి శంకుస్థాపన చేశారు. వంతెన వచ్చేస్తోంది, పిల్ల కళ్ళెదుటే ఉంటుందని మా నాన్న అక్కని అవతలి ఒడ్డుకిచ్చి పెళ్ళి చేశాడు. పిల్ల కళ్ళెదుటే ఉంది, అందులో అబద్ధం లేదు. బస్సులో చుట్టూ తిరిగి వెళ్తే గంటన్నర.

అందుకని కేకలేసుకుంటాం. నష్టమేముంది? మా ఇంటిల్లిపాదికీ గొంతులు గట్టిపడ్డాయి. మా ఇంటి గుట్టు రెండు ఒడ్లకీ తెలుసు కనక దాచుకునే శ్రమ కూడా తప్పింది!

ఎన్నిక వచ్చినప్పుడల్లా వంతెనకి కొత్త రాయి. షామియానా పట్టే జాగా ఒక్కటే కాబట్టి పాత రాయి పీకి కొత్తది పాతాలి. పీకిన రాయి మళ్ళీ నా దుకాణం వెనక్కే చేరేది.

మొన్న ఏడో రాయి వేశారు. ఎంపీగారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఏమోయ్, పేరు పెద్దగా చెక్కావా?" అన్నారు.

"చెక్కానండి. చోటు చాలక 'వంతెన' అన్న మాట కాస్త చిన్నదైంది."

"పర్లేదులే. అది అందరికీ తెలిసిందేగా!"

ఆయన కారు కదలగానే అవతలి ఒడ్డు నించి అక్క కేక.

"ఒరే చిన్నోడా, ఏం వేశార్రా?"

"రాయేనక్కా!"

"నా తలకాయ వేశారు! మోకాళ్ళు అరిగిపోతున్నాయి, నీ గుమ్మం తొక్కేది ఇంకెప్పుడురా?"

మా బావ తాపీమేస్త్రీ. ఉపన్యాసాలు ఆయనకి గిట్టవు. మర్నాడు నలుగురు మనుషుల్ని పెట్టుకుని బస్సు దారిన బండి తెచ్చాడు. దుకాణం వెనకున్న ఆరు రాళ్ళూ, ముందురోజు పాతిన ఏడోదీ పట్టుకెళ్ళి అవతలి ఒడ్డు నించి వాగులో అంగకొకటి పరిచాడు. ఎంపీగారి పేరు పైకే ఉంది.

"బావా, ఆ పేరు మీద కాలెలా పెడతాం?" అన్నాను.

"కాలు జారదు బావమరిదీ. లోతుగా చెక్కావుగా!"

అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఏడో రాయి దాకా నడిచొచ్చింది. ముప్ఫై అయిదేళ్ళలో మొదటిసారి మేం కేకలేయకుండా మాట్లాడుకున్నాం. అక్క గొంతు ఇంత మెత్తనిదని మరిచేపోయాను.

ఇవతలి ఒడ్డుకి ఇంకా నాలుగు రాళ్ళు తక్కువ.

ఇప్పుడు చెప్పండి, ఆయన్ని రిటైర్ కానిస్తారా? ఎవడో కుర్రాడు నిలబడి "రాళ్ళు వేయను, ఏకంగా వంతెనే కడతాను" అంటున్నాడు. చూడని సరుకుని నమ్మి వచ్చే రాళ్ళు పోగొట్టుకోమంటారా? ఎంపీగారిని ఇంకో నాలుగుసార్లు గెలిపించండి. ఎంత, ఇరవై ఏళ్ళేగా!

అక్కకి ఇప్పుడు యాభై ఎనిమిది. పదకొండో రాయి పడ్డ రోజున పొడికాళ్ళతో మా ఇంటికి వస్తానని మాటిచ్చింది. అక్క మాట తప్పే మనిషి కాదు. ఎన్నికల్లో ఎప్పుడూ నిలబడలేదు.