రాఘవేందర చక్రసంధానము

అవధరించండి, అయ్యలారా, అమ్మలారా! కార్తీకమాసాన, ఆదివారంనాడు, నాగపూర్ రోడ్డు దుమ్మును బంగారుపొడి చేస్తూ సూర్యభగవానుడు కొంపల్లి విల్లాల నీళ్లట్యాంకులపై కొలువుదీరిన శుభవేళ, పోర్టికో అను రణరంగమందు, బోనెట్ తెరిచిన ముసలి కారు ముందు, లుంగీ ఎగగట్టి, స్పానర్ ధరించి నిలిచినవాడు ఎవరయ్యా అంటే, వీడియోవీక్షణవిశారదుడు, అర్ధజ్ఞానధురంధరుడు, పరోపదేశపరాఙ్ముఖుడు, పద్మలతాప్రాణనాథుడు అగు రాఘవేందర్! ఇన్ని బిరుదులున్న మహానుభావుడికి ఇంట్లో కారే కుళాయి కట్టడం ఇంతవరకు చేతకాలేదు, అది వేరే సంగతి.

ఈ సమరానికి మూలం దసరా ముందటి ఒక భోజనం. కారు టైమింగ్ బెల్టు పగుళ్లు పట్టిందని విని, శామీర్‌పేటలో కొత్త ఇల్లు కట్టుకుంటున్న తోడల్లుడు పరమేశ్, షెడ్డుకు ఇచ్చేయమని సలహా చెప్పాడు. పాపం, మంచికే చెప్పాడు. కానీ తోడల్లుడి నోట వచ్చిన మంచిమాట ఎవడికి అరిగింది గనుక! మన వీరుడు ఎంగిలిచెయ్యి పైకెత్తి, దిక్కులు పిక్కటిల్లగా ప్రతిజ్ఞ చేశాడు.

"గీ బెల్టు నేనే ఏస్త. నీ ఇంటి దావత్‌కు గిదే కార్ల, మీ వదినెను పక్కన గూసోవెట్టుకొని వస్త. రాకుంటే ఇగ జన్మల స్టీరింగు ముట్ట."

ఆ దావత్ ఈ మధ్యాహ్నమే.

యంత్రశాస్త్ర శాసనం చాలా చిన్నది. వాల్వులను ఆడించే క్యాంషాఫ్ట్ కొసనున్న పై పళ్లచక్రం గుర్తు ఇంజను మీది గీతకూ, కింది చక్రం గుర్తు దాని గీతకూ ఒకేసారి ఎదురుగా నిలవాలి. రెండు చక్రాలకూ కలిపి బెల్టు తొడిగి, స్పానర్‌తో మెల్లగా తిప్పి చూడాలి. గుర్తులు తప్పితే పిస్టన్లు వాల్వులను గుద్ది, ఇంజను పాత ఇనుముకు పోతుంది. ఇంతవరకు మనవాడికి కంఠతా వచ్చు. దసరానాడు మూత విప్పి, పూజ అయ్యాక పనిలో దిగాడు. పై చక్రం మీద ఎర్రగా నిగనిగలాడే గుర్తును గీతకు సంధించాడు, బెల్టు బిగించాడు, తిప్పాడు. టక్! ఆగిపోయింది. విప్పాడు, మళ్లీ సంధించాడు. టక్! పండగ పోయింది, దీపావళి పోయింది, ప్రతి ఆదివారం అదే ఎర్రగుర్తు, అదే టక్కు. తప్పు తనదేమోనని ఒక్కనాడైనా అనుకున్నాడా? రామరామ! చక్రం చేసినవాణ్ణి తిట్టాడు, బెల్టు అమ్మినవాణ్ణి తిట్టాడు, వీడియోలో చెప్పినవాడి వంశవృక్షాన్ని వేళ్లతో సహా పెకలించాడు.

ఇంతలో పట్టుచీరాభరణభూషితయై పద్మలత గడపలోకి వచ్చింది.

"ఇగో, ఆటో పిలిచిన. అది రాకముందు నీ బండి మోగితే గీ కార్లనే గూసుంట. లేకుంటే ఆటోల పోత," అంది.

ఆటోయే వచ్చింది.

ఎక్కబోయిన అత్తగారు సాలమ్మకు చెమటలు కక్కుతున్న అల్లుణ్ణి చూసి జాలేసింది. కుంకుమ భరిణె పట్టుకొని వెనక్కి వచ్చింది. ఇంజనులోకి తొంగిచూసి, అక్కడి మసిగుడ్డ తీసి పై చక్రాన్ని గట్టిగా రుద్దింది.

"దసరానాడు పూజజేసి నూనె కుంకుమ వెట్టిన బిడ్డా. మాసిపోయింది సూడు. జరుగు, కొత్తది వెడత."

ఆహా! నవ్వాలా, ఏడవాలా? ఇన్ని ఆదివారాలు ఆ సంగ్రామసింహం ఇంజను ప్రాణాలను అప్పగించింది అత్తగారి బొట్టుకా! ఆమె పూజ చేస్తుంటే చాదస్తమని నవ్వి లోపలికి పోయి వీడియో చూసుకున్నాడు కదా, అనుభవించాలి మరి. అసలు గుర్తు కొన్ని పళ్ల అవతల, మడ్డినూనె కింద, సూదిమొనంత గుంటగా దాక్కుంది. అత్తగారి చెయ్యి పట్టుకొని ఆపి, "అత్తమ్మా, ఆగు, ఇగ ఏం వెట్టకు," అని బతిమాలాడు వీరశిఖామణి. అప్పటికే పద్మలత ఆటోలోంచి రెండుసార్లు కేకేసింది. సాలమ్మ పోయింది, ఆటో పోయింది.

అంతట రాఘవేందరుండు, రోషారుణనేత్రుడై, గ్రీజుచర్చితగాత్రుడై, గుంటను గీతకు గురిచూసి, కింది చక్రాన్ని దాని గీతకు నిలిపి, బెల్టు బిగియించి, స్పానర్‌ను రెండు చేతులా పట్టి, ఊపిరి బిగబట్టి తిప్పగా, టక్కు లేదు. వెన్నలో వేలు దిగినట్టు తిరిగింది. మూత బిగించాడు, తాళం తిప్పాడు, ఇంజను మోగింది. మనవాడికి నిజంగానే కళ్లనీళ్లు తిరిగాయి. వీధిలో చూడ్డానికి ఒక్క మనిషి లేడు.

బట్టలు మార్చుకోకుండానే బయలుదేరాడు. ఆటో ఈపాటికి శామీర్‌పేట చేరవలసిందే. కానీ మేడ్చల్‌లో పద్మలత జాకెట్టు కుట్టే దర్జీ, హుక్కులు వేస్తున్నా, కూర్చోమ్మా అన్నాడు. దర్జీ మాట అంటే తెలుసు కదా! అందుచేత ఊరు దాటిన మలుపులో మన మహారథి ఆటోను అందుకొని, చెవులు పగిలేలా హారన్ కొట్టి, దాటేశాడు.

ఆటోలోంచి సాలమ్మ తల బయటపెట్టి, గది మన కారే కదా అని అడిగింది.

"మనదే అమ్మా," అంది పద్మలత. "మనమే అండ్ల లేం."

కావున లోకులారా, చాటింపు వేయించండి! కొంపల్లి వీరుడు గెలిచాడు. కుంకుమ బొట్టును గెలిచాడు, కట్టుకున్నదాని ఆటోను గెలిచాడు. శామీర్‌పేట దావత్‌కు అందరికన్నా ముందు కారులో దిగాడు. పరమేశ్ ఎదురొచ్చి తలుపు తీసి, వదినె ఏదని చూస్తే, పక్కసీట్లో స్పానర్ ఉంది.