తలూపితే తొంభై గంపలు

ఆ ఉదయం శ్రీహరిరావు పథకం చాలా చిన్నది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు వెళ్లాలి, నోరు మూసుకుని వేలంపాట చూడాలి, పన్నెండింటికల్లా దబీర్‌పురాలోని ఆండాలు పూలకొట్టుకు వచ్చి మేనేజరు ఉద్యోగం ఖాయం చేయించుకోవాలి. ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా నలభై మందిని హడలగొట్టి రిటైరైన మనిషి ఆయన. ఆ తర్వాత నాలుగు నెలలపాటు వంటింటిని తనిఖీ చేస్తూ కూర్చుంటే, భార్య నాగమణి తట్టుకోలేక ఎగ్జిక్యూటివ్ కోర్సులో చేర్పించింది.

పెద్ద పదవులు చేసినవాళ్లను కొత్త ఉద్యోగాలకు తయారుచేసే కోర్సు అది. అక్కడ పాఠం చెప్పే రాగసుధ మొదటి వారమే ఈయన జబ్బు పట్టేసింది. ఎవరి మాటా చివరిదాకా వినడు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, ప్రతి మాటకీ తలూపాలి అని మందు కూడా ఆవిడే చెప్పింది. శ్రీహరిరావు అద్దం ముందు రోజుకో గంట సాధన చేసి, బుద్ధిగా పాసయ్యాడు. ఇవాళ ఆ విద్య చూపించాలని ఆయనకు ఒకటే ఉబలాటం.

ఆండాలు తరఫున సరుకు కొనే ఎల్లేష్ ఆయన్ని వేలం దగ్గర నిలబెట్టి ట్రాలీ ఆటో మాట్లాడటానికి వెళ్లాడు. ఏజెంటు సోమయ్య స్టూలెక్కి చేమంతుల ధర అరుస్తున్నాడు. శ్రీహరిరావు అతని కళ్లలోకి చూస్తూ ఎంతో గౌరవంగా తలూపాడు. అక్కడ తలూపితే కొన్నట్టే. సోమయ్య సంబరంగా మరో పది గంపలు ఈయన ముందుకు తోయించాడు. పాపం, గొంతు చించుకుంటున్నాడే అని ఈయన ఇంకా గట్టిగా ఊపాడు. ఇవన్నీ ఆండాలమ్మకేనా అని అడిగితే, తెలిసిన పేరు కదా, నవ్వుతూ రెండుసార్లు ఊపాడు. రైతులొచ్చి వానల కష్టం చెప్పుకుంటే కళ్లు చెమర్చి మరీ ఊపాడు. వాళ్ల గంపలూ ఇటే చేరాయి.

తిరిగొచ్చిన ఎల్లేష్ గంపలు లెక్కపెట్టి నెత్తి పట్టుకున్నాడు.

"సార్, మనకు నాలుగు గంపలు చాలు. గివి తొంభై ఉన్నయి."

"నేనేం కొనలేదయ్యా. విన్నానంతే."

ఒకసారి ఊపిన తల వెనక్కి తీసుకోవడం మార్కెట్టులో లేదని సోమయ్య మర్యాదగానే చెప్పాడు. ఇంకో నాలుగు ట్రాలీలు మాట్లాడుకుని దబీర్‌పురా చేరేసరికి గల్లీ మూసుకుపోయింది. స్కూటర్లవాళ్ల లొల్లి మొదలైంది. ఆండాలు గంపలవంక చూసింది, ఆయనవంక చూసింది. శ్రీహరిరావుకు ప్రాణం పోయినంత పనైంది. దానికితోడు పొద్దుట్నుంచీ ఊపీ ఊపీ మెడ కర్రలా బిగుసుకుపోయింది.

ఇంతలో పెళ్లి పందిళ్లు అలంకరించే బాబురావు పరుగున వచ్చాడు. మర్నాడు పెద్ద ముహూర్తం, మార్కెట్టులో చేమంతి ఒక్క గంప మిగల్లేదు. కిలో డెబ్భైకి ఇస్తారా అన్నాడు. ఆండాలు ఒళ్లుమండి, కొన్నాయన్నే అడగమంది. బతికానురా దేవుడా అని శ్రీహరిరావు తలూపబోయాడు. మెడ కదల్లేదు. నొప్పికి నోరూ పెగల్లేదు. కళ్లలోకి మాత్రం అలవాటు ప్రకారం చూస్తున్నాడు. బాబురావు ఎనభై అన్నాడు. చూపు మారలేదు. తొంభై అన్నాడు. వెనకే వచ్చిన ఇంకో ఇద్దరు డెకరేటర్లు వంద, నూటపది అన్నారు. శ్రీహరిరావు నొప్పితో చిన్నగా మూలిగాడు. నూట ఇరవైకి గంపలన్నీ ఎత్తుకుపోయారు.

ఆండాలు కుర్చీ తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టింది.

"సార్, ముప్పై ఏండ్ల సంది పూలమ్ముతున్న, గిట్ల బేరం జేసినోళ్లను చూడలే. గా కోర్సుల నేర్పిన్రా?"

అవునని అబద్ధమాడితే సరిపోయేది. కానీ ఆయనకు మనసొప్పలేదు. "లేదమ్మా. మెడ పట్టేసింది" అన్నాడు.

"ఏదైతే ఏంది, మీ నౌకరి పక్కా. ఫికర్ చెయ్యకుండ్రి. కొనెతందుకు ఎల్లేష్ పోతడు, మీరు గీడ్నే కూసొని అమ్ముండ్రి."

ఆ సాయంత్రం నాగమణి సంతోషం పట్టలేక నొప్పుల నూనె వెచ్చచేసి తెచ్చింది. ఉద్యోగం పోతుందని శ్రీహరిరావు రాయనివ్వలేదు.