పొద్దుటి పడవలో తుఫాను

ఉత్సవం రోజు పొద్దున్నే మెకానిక్ తన పనులన్నీ మనసులో వరసగా పెట్టుకున్నాడు. స్పీకర్లు కట్టాలి. మైకు పరీక్షించాలి. ఇంటికెళ్ళి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ప్రెసిడెంటుగారి కంటపడేలా వేదిక పక్కన నిలబడాలి. వీటిలో మొదటి పని మాత్రమే అనుకున్నట్టు జరిగింది.

అది రోడ్డు రాని ఊరు. వెనక కొండ, ముందు సముద్రం, మధ్యలో దొరికిన కాస్త నేలమీద ఇళ్ళు. ఎక్కడికి వెళ్ళాలన్నా పడవే. ఏడాదికోసారి రేవులో చేపల వేలం వేసే షెడ్డును కడిగి, దాంట్లో సంగీతోత్సవం జరుపుతారు. ఎంత కడిగినా చేపల వాసన మాత్రం ముందు వరసలోనే కూర్చుంటుంది. పాటగాళ్ళు పట్నం నుంచి వస్తారు. మైకులు కూడా ఏటా అక్కణ్ణుంచే వచ్చేవి. అవి పాట వినిపించిన దానికంటే ఈల వేసిందే ఎక్కువ. ఈ ఏడు ఆ పని తనకిమ్మని మెకానిక్ నెల్లాళ్ళు బతిమాలితే, ప్రెసిడెంటుగారు చివరికి ఒప్పుకున్నారు. ఆయన ఐసు ఫ్యాక్టరీ యజమాని, ఉత్సవ కమిటీకి పెద్ద, ప్రారంభగీతం పాడే హక్కు పుట్టుకతోనే వచ్చిందని నమ్మే మనిషి.

"ఊరివాడివని ఇస్తున్నానయ్యా. నా పరువు నీ వైరు చివర వేలాడుతోంది, గుర్తుపెట్టుకో," అన్నారాయన.

చేపల బజారులో ఒక స్పీకరు, కొండమీద బడిలో ఒకటి, రేవు ఆఫీసు గోడకి ఒకటి, వేదికకి ఒకటి కట్టి, మెకానిక్ మైకు ముందు నిలబడి "హలో, హలో" అన్నాడు. వేదిక మీది స్పీకరు ఉలకలేదు, పలకలేదు. దాని వైరు ఊడిపోయి ఉంది. మిగతా మూడూ మాత్రం ఊరంతటికీ హలో చెప్పాయి. పక్కనే ఐసు ఫ్యాక్టరీ మిషను గురగురమంటూ ఉండడంతో ఆ సంగతి అతనికి తెలియలేదు. మైకు చచ్చిందనుకుని, దాన్ని అలాగే వదిలేసి, స్క్రూడ్రైవరు నోట కరుచుకుని వేదిక కిందికి దూరాడు.

సరిగ్గా అప్పుడే అతని భార్య పరుగున వచ్చి, మైకు పక్కనే చతికిలబడింది.

మెకానిక్‌కి ఒక అక్కయ్య ఉంది. మంచి మనిషే, కానీ ఏ ఇంట్లో అడుగుపెట్టినా ఆ ఇంటిని మొదటి నుంచి సర్దుతుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ చాటుగా ఆవిణ్ణి 'తుఫాను' అనుకుంటారు. ఆ సంగతి మూడో మనిషికి తెలియదు. ఎదురుగా ఉంటే భార్య "వదినగారు వస్తున్నారు" అనేది. చాటు కాబట్టి మర్యాద తీసి పక్కన పెట్టింది. ఆ మర్యాద ఒక్కటీ ఉండుంటే ఆ రోజు ఊరు ఊరంతా కొండెక్కేది కాదు.

"ఏమండీ, కొంప మునిగింది. తుఫాను వస్తోంది!"

వేదిక కింద తల ఠంగుమని దేనికో తగిలింది. "ఎప్పుడు?"

"ఇంకో గంటలో ఇక్కడుంటుంది. అన్నయ్యగారు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు."

అన్నయ్యగారంటే ఆ అక్కయ్య భర్తే. కానీ ఆయన వాతావరణ కేంద్రంలో పెద్ద ఆఫీసరై ఉంటాడని చేపల బజారు అక్కడికక్కడే తీర్మానించింది.

"ఈసారి జోరెలా ఉందట?"

"మామూలుగా లేదట. అక్కడ వీధంతా అదరగొట్టి మరీ బయల్దేరిందట. పోయినసారి గుర్తుందా? వంటింట్లో ఒక్క డబ్బా ఉన్నచోట మిగిలిందా? పెరట్లో బొప్పాయి చెట్టు నేలకూలిందా లేదా?"

బొప్పాయి చెట్టుని, నీడకి బట్టలు ఆరడం లేదని, అక్కయ్యే దగ్గరుండి కొట్టించింది. ఆ వివరం ఇద్దరికీ తెలుసు కనక ఎవరూ పైకి అనలేదు.

"పిల్లల్ని మా అమ్మ దగ్గరికి పంపెయ్యనా?"

"పంపెయ్. గాజు సామానంతా అటకెక్కించు."

"మరి ప్రెసిడెంటుగారికి చెప్పొద్దా?"

"పిచ్చా నీకు? ఆయనకి తెలిస్తే ఉత్సవమే మానేస్తారు. ఊళ్ళో ఒక్కరికి కూడా తెలియనివ్వకు. వచ్చాక ఏదో తంటాలు పడదాం."

ఈ భయానికి కారణముంది. పోయిన ఏడు ప్రెసిడెంటుగారు ప్రారంభగీతం అందుకోగానే అక్కయ్య వేదికెక్కి, "శ్రుతి అటుంది, మీరిటున్నారు," అని మైకు లాక్కుంది. ఆయన ఆ అవమానాన్ని ఏడాది పొడుగునా ఐసులో పెట్టి దాచుకున్నారు.

బజారులో స్పీకరు ఈ మాటలన్నీ పొల్లుపోకుండా వినిపించింది. వెంటనే "గంపలెత్తండే!" అని ఓ చేపలావిడ కేక వేసింది. బళ్ళో పెద్ద మేష్టరమ్మ గదులన్నీ తెరిపించింది. ఊళ్ళో గట్టి కప్పున్న కట్టడం అదొక్కటే. మంగలి షాపులో గడ్డం గీయించుకుంటున్న ప్రెసిడెంటుగారు, ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగగా, అలాగే లేచి వీధిలోకి వచ్చారు. మంగలి కత్తి మూసి, షాపు మూసి, కొండదారి పట్టాడు.

రేవు ఆఫీసరు ఆకాశంలోకి చూశాడు. మబ్బు తునక లేదు. గోడమీది గాలి ఒత్తిడి యంత్రం చూశాడు. ముల్లు నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది.

"ముల్లు కదలట్లేదండీ," అన్నాడు తలుపు దగ్గర మూగిన జనంతో.

"అదే మరి! కదలట్లేదంటేనే అనుమానించాలి," అంది చేపలావిడ.

ఆయన పై ఆఫీసుకి ఫోన్ చేశాడు. "మాకు సమాచారం లేదు. కనుక్కుని చెప్తాం," అన్నారు వాళ్ళు. అలా అన్నవాళ్ళు ఎప్పుడు కనుక్కుంటారో ఆయనకి అనుభవమే. ఉత్తపుణ్యానికి ఎర్రజెండా ఎగరేస్తే తిట్లు పడతాయి. ఎగరెయ్యకపోతే తలే పోతుంది. ఆయన ఎగరేశాడు. దూరాన వేటలో ఉన్న పడవలన్నీ జెండా చూసి వలలు లాగేసి ఒడ్డుకి తిరిగాయి.

ప్రెసిడెంటుగారు షెడ్డులోకి వచ్చేసరికి మెకానిక్ అప్పుడే వేదిక కిందనుంచి బయటికొస్తున్నాడు.

"ఏమయ్యా, తుఫాను వస్తోందని తెలిసి దాస్తావా?"

మెకానిక్ నోట్లోంచి స్క్రూడ్రైవరు జారిపడింది. "మీకెలా తెలిసింది సార్?"

"ఊరంతా తెలుసు! కొండమీద పసిపిల్లలకి కూడా తెలుసు!"

"క్షమించండి సార్. మీ మనసు కష్టపెట్టడం ఎందుకని... నేను ఎదురెళ్ళి, కాళ్ళు పట్టుకునైనా..."

"తుఫాను కాళ్ళా?"

"చిన్నప్పట్నుంచీ చూస్తున్నా సార్, నాకు అలవాటే. ఏదైనా తినడానికి పెట్టి ఓ మూల కూర్చోబెడితే కాసేపు నెమ్మదిస్తుంది."

ప్రెసిడెంటుగారు అతనివైపు జాలిగా చూశారు. భయానికి మతి చలించిందనుకున్నారు. "ఉత్సవం రద్దు," అనేసి, మిగిలిన నురగని చేత్తో తుడుచుకుంటూ కొండవైపు నడిచారు.

మెకానిక్ నేలమీద కూలబడ్డాడు. ఏడాదంతా ఎదురుచూసిన రోజు. మైకు పలకలేదు, ఉత్సవం లేదు. అన్నిటికీ మించి, ఒక్క అక్కయ్య వస్తోందని ఊరంతా పారిపోవడం అతనికి కష్టంగా తోచింది. తమ మనిషి కదా! అలా దిగులుగా చూస్తుంటే కాళ్ళ దగ్గర ఊడిన వైరు కనబడింది. తెచ్చి స్పీకరుకి తగిలించాడు.

"పోనీ, మనం కూడా ఎటైనా పోదామా?" అంది భార్య. ఆ మాట నెత్తిమీద ఉరుములా మోగింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మైకు పొద్దుటినుంచీ బతికే ఉందని తెలియడానికి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

అక్కడ నడిసముద్రంలో పొద్దుటి పడవ సరంగు ఎర్రజెండా చూసి చుక్కాని తిప్పబోయాడు. పాటగాళ్ళు వాయిద్యాలు కావలించుకుని కళ్ళు మూసుకున్నారు. అక్కయ్య లేచి నిలబడింది.

"ఎక్కడికయ్యా తిప్పుతున్నావు?"

"తుఫాను జెండా ఎగరేశారమ్మా!"

"ఎగరేస్తే? నీళ్ళు చూడు, పళ్ళెంలో పోసినట్టున్నాయి. మా తమ్ముడు మొదటిసారి మైకు పెడుతున్నాడు. పోనియ్ ముందుకి!"

సరంగుకి ఎదురుగా కనబడని తుఫాను కంటే పక్కన నిలబడిన ఆవిడే ఎక్కువ భయపెట్టింది. పడవ ముందుకే పోయింది.

రేవులో దిగి చూస్తే మనిషన్నవాడు లేడు. ఊరికి నిజం ఎలా చెప్పాలో తోచక తమ్ముడూ మరదలూ వేదిక మీద దొంగల్లా నిలబడి ఉన్నారు. మైకు ఆపబోయిన తమ్ముడి చెయ్యి అక్కయ్య పట్టుకుంది.

"ఊరేదిరా?"

"కొండెక్కిందక్కయ్యా."

"ఎందుకు? నువ్వు చెప్పమ్మాయ్, వాడు నసుగుతాడు."

మరదలికి అబద్ధం చెప్పాలని ఉంది. అంత తొందరలో ఒక్కటీ తట్టలేదు. "తుఫాను వస్తోందన్నానండీ. తుఫానంటే... మీరే వదినగారూ!"

ఆ మాట నాలుగు స్పీకర్లలోనూ మోగి, కొండకి తగిలి, ఇంకోసారి మోగింది. బడి కిటికీల నిండా తలకాయలు మొలిచాయి.

అక్కయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఎవరు పెట్టారా పేరు?" అంది చివరికి. మొగుడు పెళ్ళాన్ని చూపించాడు, పెళ్ళాం మొగుణ్ణి చూపించింది. ఆవిడ పెదాలు బిగబట్టింది, బుగ్గలు ఉబ్బాయి, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని పడీపడీ నవ్వడం మొదలుపెట్టింది.

"ఇంట్లో మీ బావ నన్ను భూకంపం అంటాడ్రా! తుఫాను నయం. కనీసం ముందు చెప్పి వస్తుంది."

కళ్ళు తుడుచుకుని ఆవిడ మైకు అందుకుంది. "అయ్యా, అమ్మా! తుఫానుని నేనే. వచ్చేశాను. ఇంక వచ్చేదేమీ లేదు. పిల్లల్ని జాగ్రత్తగా పట్టుకుని దిగండి. పాటగాళ్ళు వచ్చారు."

ముందు చేపలావిడ నవ్వింది. తరవాత కొండంతా నవ్వింది. ఆ నవ్వుతోనే జనం దిగారు. వాళ్ళు షెడ్డు చేరేసరికి రేవంతా పడవలు. జెండా చూసి వేటమాని వచ్చిన మగవాళ్ళు, తడి లుంగీలతో, చేతుల్లో తాళ్ళతో, ఏమైందో తెలియక అక్కడే నిలబడి ఉన్నారు.

నిజానికి వాళ్ళెవరూ ఏ ఏడూ ఉత్సవం చూసి ఎరగరు. సముద్రం నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే బయటినుంచి పాటగాళ్ళు వస్తారు. సముద్రం నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే వీళ్ళు వేటకి పోతారు. ఏటా సగం బెంచీలు ఖాళీగానే ఉండేవి. ఇవాళ బెంచీలు చాలక, తిరగేసిన చేపల పెట్టెల మీద కూర్చున్నారు. చేపలావిడ మొగుడు ఏటా ఉత్సవంలో పాడే ఊరి ఆడవాళ్ళ బృందంలో తన భార్య పాడుతుందని విన్నాడే గాని, ఆమె గొంతెత్తగా ఎప్పుడూ వినలేదు. ప్రారంభానికి ముందు మైకు పరీక్ష కోసం ఆమె పాడుతున్నంతసేపూ నోరు తెరుచుకుని చూసి, పక్కవాడి భుజం పట్టుకుని, "మా ఆవిడే! మా ఆవిడేరా!" అని ప్రతి చరణానికీ చెప్పాడు. ఆ పక్కవాడు ఆమె తమ్ముడే.

ప్రెసిడెంటుగారు వెనక స్తంభం చాటున నిలబడి నిండిన షెడ్డుని చూస్తూ ఉండిపోయారు. ఉత్సవం రద్దన్న మాట ఎవరూ ఆయనకి గుర్తుచెయ్యలేదు. ఒక చెంప మాసిపోయి ఉండగా వేదికెక్కడం కుదరదు. మంగలేమో మూడో వరసలో మంచి చోటు దొరికిందని, ఎంత సైగ చేసినా లేవనన్నాడు. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, మెకానిక్‌ని దగ్గరికి పిలిచారు.

"ప్రారంభగీతం మీ అక్కగారిని పాడమను," అన్నారు. కాస్త ఆగి, "మైకు బాగా పలుకుతోందయ్యా," అని కూడా అన్నారు.

మెకానిక్ ఇస్త్రీ లేని చొక్కాలోనే రెండంగుళాలు పొడుగయ్యాడు.

అక్కయ్య కొంగు దోపుకుని మైకు ముందుకొచ్చింది. అదే సమయానికి పై ఆఫీసు నుంచి రేవు ఆఫీసరుకి ఫోన్ వచ్చింది. ఇంత ఆలస్యంగానైనా వాళ్ళు నిజంగానే కనుక్కున్నారు. "మా దగ్గర తుఫాను ఊసే లేదు. మీరేమో జెండా ఎగరేశారు. అసలు ఆ తుఫాను ఏమైనట్టు?" అని గద్దించారు.

"తీరం దాటిందండీ," అన్నాడాయన రెండో చెవి మూసుకుంటూ. "ప్రస్తుతం ప్రారంభగీతం పాడుతోంది."