సింధూర నవ్వు

భార్య ఫోన్లో నవ్వితే భర్తకి నష్టమేమిటి? లెక్క ప్రకారం ఏమీ లేదు. కానీ పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే జయకృష్ణకి అది పెద్ద నష్టంగానే తోచింది. తన మాటలకి సింధూర నవ్వి చాలా కాలమైంది. ఇంట్లో కరువైపోయిన ఆ సరుకు ఇప్పుడు రోజూ సాయంత్రం తన కళ్లముందే బయటికి ఎగుమతి అయిపోతోంది.

కొనేవాడి పేరు సైమన్ మాస్టారు.

కరోనా వచ్చి బళ్లు మూసేశారు. కూతురు కీర్తి చదివే బడి మాత్రం తలుపులు మూసిందే గాని పని మానలేదు. సైమన్ మాస్టారు సాయంత్రం పూట ఇంటింటికీ ఫోన్ చేసేవారు. పిల్ల ఏం చదివింది, ఇంట్లో అందరికీ ఒంట్లో బాగుందా, బియ్యానికీ మందులకీ ఇబ్బంది లేదు కదా అని అడిగేవారు. ఇంట్లో ఉన్న వస్తువులతోనే పాఠం ఎలా చెప్పాలో తల్లులకి నేర్పేవారు. వేటకెళ్లేవాళ్ల ఇంట్లో వల ముడులతో కూడికలు, ఉద్దానం రైతు ఇంట్లో కొబ్బరి చెట్ల వరసలతో ఎక్కాలు.

వంక పెట్టడానికి వీల్లేని పని. జయకృష్ణకి అక్కడే అనుమానం వచ్చింది. మచ్చలేని పప్పునే ముందు విరిచి చూడాలన్నది అతను గోదాములో నేర్చుకున్న మొదటి సంగతి.

"ఎవులు ఫోను?" అన్నాడు ఓ సాయంత్రం.

"మేస్టారండి."

"ఏటంటారు?"

"బాగున్నావా అమ్మా అన్నారు."

"దానికంత నవ్వేటి? బాగున్నావా అంటే బాగున్నాననాల. పకపకా నవ్వీడమేటి?"

"అడగడంలో ఉంటాదండి. మీరు రోజూ కూరేటి అనే కదా అడుగుతారు. దానికి నవ్వెలాగొస్తాది?"

మనిషి ఎలా ఉంటాడో చూద్దామని జయకృష్ణ దొంగచాటుగా ఆవిడ ఫోను తీశాడు. మాస్టారి బొమ్మ ఉండాల్సిన చోట గులాబీ పువ్వుంది. గొంతు చూస్తే రేడియోలో వార్తలు చదివేవాడి గొంతు. చర్చిలో పాటలు కూడా పాడతాడట. గులాబీ, గొంతు, పాట. మూడూ కలిపి చూసుకున్న జయకృష్ణకి ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు బడికి ఫోన్ చేశాడు. హెడ్మిస్ట్రెస్ సువర్ణమ్మగారు ఎత్తారు.

"మా ఆవిడకి ఇంటి పనెక్కువండి. ఆవిడ నంబరు తీసీసి నా నంబరు పెట్టీండి."

"తప్పకుండానండి. అయితే మా బడి పద్ధతి ఒకటుంది. నంబరు ఎవరిదైతే ఆ ఇంట్లో టీచరు వాళ్లే."

"ఓస్, అంతేనా!" అన్నాడు జయకృష్ణ. బేరం కుదిరిన సంతోషంలో సరుకేమిటో చూసుకోలేదు.

ఆ సాయంత్రమే ఫోను మోగింది.

"కీర్తి నాన్నగారా? బాగున్నారా అండీ?"

కరగకూడదని ముందే అనుకున్నాడు. "బాగున్నాను," అన్నాడు, ఎండిన జీడిపిక్కలా.

"పాపకి లెక్కల్లో ఎక్కడ కష్టంగా ఉందండీ?"

"దానికన్నీ వొచ్చండి. మూడో తరగతిలో కట్టమేటుంటాది?"

"నాలుగండి."

వంటింట్లో సింధూర దగ్గింది.

అక్కడినుంచి మొదలైంది అతని చదువు. నీళ్లలో ఏవి తేలతాయి, ఏవి మునుగుతాయి అన్న పాఠం చెప్పమన్నారు. జయకృష్ణ బకెట్టు నింపి, "ఏది దొరికితే అది ఎయ్యమ్మా," అని దర్జాగా కుర్చీలో కూర్చున్నాడు. కీర్తి టీవీ రిమోట్ వేసింది. మునిగింది.

"పాఠం బాగా అరదమైంది నాన్నా," అంది.

సింధూర మధ్యాహ్నం కునుకు తీసి, సాయంత్రం కాగానే మేడ మీదికి వెళ్లి, పక్కింటి మేడ మీద నిలబడిన శ్రావణితో కబుర్లు చెప్పుకుంటోంది. శ్రావణి మిఠాయికొట్టు నారాయణరావు భార్య; వాళ్లబ్బాయిదీ కీర్తి బడే. ఆవిడకీ ఈ మధ్య తీరిక బాగానే చిక్కినట్టుంది.

ఫోను తన చేతికొచ్చింది, నవ్వు మాత్రం రాలేదు. ఇక దాన్ని గెలుచుకోవాల్సిందే అనుకున్నాడు జయకృష్ణ. శనివారం నాడు తల్లిదండ్రులంతా వీడియోలో చూస్తుండగా ఒక్కో ఇంటివాళ్లు పాఠం చెప్పాలి. ఆ రోజు మాస్టారిని మించిన మాస్టారినని సింధూర ఎదుట నిరూపిస్తే సరి. తన ఇంటి సరుకుతోనే భిన్నాలు చెప్తాడు. గుండు అంటే పూర్తి పప్పు. బద్ద అంటే సగం. పలాసలో పుట్టినవాడికి ఇంతకన్నా తేలిక పాఠం ఏముంది?

శనివారం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోను ముందు కూర్చున్నాడు. తెర మీద సైమన్ మాస్టారు వచ్చారు. తల ముగ్గుబుట్ట. కళ్లజోడుకి ఒక పక్క దారం. వెనకనుంచి ఆయన భార్య మజ్జిగ గ్లాసు అందిస్తూ, "మందేసుకున్నారా?" అంటోంది.

'ఈయన గురించా నేను గడ్డం గీసుకున్నాను!' అనుకున్నాడు జయకృష్ణ. ప్రాణం కుదుటపడింది. ఆ ధీమాతో పాఠం దంచేశాడు. గుండుని విరిచి బద్దలు చేశాడు, బద్దల్ని కలిపి గుండు చేశాడు. సింధూర తలుపు దగ్గర నిలబడి కళ్లార్పకుండా చూస్తోంది.

"అద్భుతం!" అన్నారు మాస్టారు. "కీర్తీ, ఇప్పుడొక ప్రశ్న. ఒక గుండ్ల పెట్టె ఉందమ్మా. అందులో సగం బద్దలు ఉండొచ్చా?"

కీర్తి తండ్రి వైపు చూసింది.

"మామూలు పెట్టెలోనా సార్, మా నాన్న పెట్టెలోనా?"

"తేడా ఏమిటమ్మా?"

"మా నాన్న పెట్టెలో పైన గుండ్లుంటాయి సార్. అడుగున బద్దలుంటాయి."

ఫోనులోంచి ఓ గొంతు లేచింది.

"బావా! మా కొట్టుకి పంపిన పెట్టి ఏ పెట్టయ్యా?"

నారాయణరావు. జయకృష్ణ ఎదురుదాడే మేలనుకున్నాడు.

"ముందు నువ్వు సెప్పు. ఆడోళ్లు ఉండాల్సిన కాడ నీకేటి పని?"

నారాయణరావు నసిగాడు. "ఏటీ లేదు బావా... మా ఆవిడ ఫోన్లో తెగ నవ్వీసేది. అందికే నా నంబరిచ్చీసినాను."

జయకృష్ణ అప్పుడు తెరని సరిగ్గా చూశాడు. గళ్ల నిండా మీసాలే. వీధి వీధంతా మొగుళ్లే. అందరూ నున్నగా గడ్డాలు గీసుకుని ఉన్నారు.

ఫోను ఆపేసి సింధూర వైపు తిరిగాడు.

"ఏటిదంతా?"

"తండ్రులెవులూ పిల్లల పక్కన కూకోటం లేదమ్మా, ఏటి సెయ్యాల అని మేస్టారు అడిగినారండి. బతిమాలితే ఇనే రకం కాదు, మాకొదిలీండి అన్నాం. శ్రావణీ నానూ మేడ మీద ఆలోసించుకున్నాం. వీదిలో మిగతావోళ్లకి కూడా సెప్పీసినాం."

"అయితే... ఆ నవ్వంతా?"

"మేస్టారు రొండు ముక్కలు మాటాడి పెట్టీసీవోరు. మిగతాదంతా ఉత్తి ఫోన్లోకే నవ్వినాను. దవడలు నొప్పెట్టీసినాయి, తెలుసా?"

"నా నంబరు తీయించీస్తాను!"

"తీయించండి. సువర్ణమ్మగారు ఎందుకూ అని అడుగుతారు. మా ఆవిడ నవ్వు సూసి బయపడి ఇచ్చినాను, ఇప్పుడు బయం తీరిపోనాదని సెప్పండి."

జయకృష్ణ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. చూశాడు. జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దుటే నారాయణరావు కొట్టుకి కొత్త పెట్టె వెళ్లింది. అడుగుదాకా గుండ్లే. సాయంత్రం జయకృష్ణ వీధి అరుగు మీద కీర్తి పక్కన కూర్చున్నాడు. పక్కింటి అరుగు మీద నారాయణరావు తన కొడుకు పలకలో తల దూర్చి చెమటలు కక్కుతున్నాడు. పైన మేడల మీద ఆడవాళ్లు పకపకా నవ్వుతున్నారు. ఎవరి గురించో అడిగే ధైర్యం కింద ఎవరికీ లేదు.

"బావా," అని గొంతు తగ్గించి పిలిచాడు నారాయణరావు. "పెట్టి సంగతి మరిసిపోతాను గానీ, పదమూడో ఎక్కం కూసింత సెప్పవా?"

జయకృష్ణ పైకి చూశాడు. ఎవరూ తొంగి చూడటం లేదు. కూతురి చెవి దగ్గరికి వంగాడు.

"అమ్మా కీర్తీ, పదమూడో ఎక్కం మెల్లిగా సెప్పు. నాను మావయ్యకి సెప్తాను."